నా పేరు మీద ఇసుక మోసిన మనిషి

ఎవరైనా నన్ను పేరు పెట్టి పిలిస్తే ఒళ్లు మండుతుంది. ఈ మధ్య వచ్చిన జబ్బు కాదిది, ముప్పై ఏళ్లు దాటింది. వీధిలో కాకా అనో అన్నా అనో పిలిస్తే నవ్వుతూ పలుకుతాను. పేరు పెట్టి పిలిచారంటే మాత్రం ఒక్క క్షణం ఆగిపోతాను, నాకంటే ముందు ఇంకెవరైనా పలుకుతారేమోనని. మా ఇంటావిడ దీన్ని చెవుడు అనుకుంటుంది. చెవుడైతే దవాఖానకు పోయి చూపించుకునేవాణ్ని. ఇది బరువు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పకుండా మోశాను. ఈ కాగితం మీద కూడా ఆ పేరు రాయను. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది.

నేను అయిదో తరగతిలో బడి మానేసినవాణ్ని. మా పంతులు ఎట్లా నడుస్తాడో ఆయన వెనకాలే నడిచి పిల్లలకు చూపించాను. ఆయన వెనక్కి తిరిగాడు. అంతటితో నా చదువు పూర్తయింది. కాబట్టి రాతలో తప్పులుంటే సర్దుకోండి. మాట మాత్రం నాకు మొదటి నుంచీ పదును. శవం దగ్గర కూర్చున్నవాళ్లను కూడా నవ్వించానని మా ఊళ్లో చెప్పుకుంటారు. అది విని మీసం మెలేసేవాణ్ని. ఆ నవ్వించే నోటితోనే ఒక మనిషి నోటి దగ్గరి కూడు లాగేశాను.

అరవైలలో మా ఊరి పొలాలు బొగ్గు గనుల కిందికి పోయాయి. గోదావరిఖని అప్పుడప్పుడే ఒక ఊరవుతోంది. భూమి లోపల బొగ్గు తీశాక ఖాళీ మిగులుతుంది. పైకప్పు కూలకుండా ఆ ఖాళీలో ఇసుక నింపుతారు. ఆ ఇసుక గోదావరిలోంచి రావాలి. దాన్ని ఎత్తి లారీల్లో నింపే పనిని ఒక కంట్రాక్టరు పట్టాడు. భూములు పోయిన ఊళ్లవాళ్లనే కూలికి పెట్టుకోవాలని అతనికి షరతు. చదివి వినిపిస్తే చప్పట్లు కొట్టాలనిపించే షరతు.

కంట్రాక్టరుకు మేం నచ్చలేదు. నాట్లు పడితే పక్క ఊళ్ల పొలాల దారి పట్టేవాళ్లం. ఎవరింట్లో చావో లగ్గమో అయితే మూడు రోజులు కనబడేవాళ్లం కాదు. గట్టిగా కసిరితే ఎర్రజెండా వాళ్ల దగ్గరికి పోయేవాళ్లం. అందుకని బిలాస్‌పూరు వైపు నుంచి ఆలుమగల్ని జంటలు జంటలుగా రైలెక్కించి తెచ్చుకున్నాడు. వాళ్లకు ఇక్కడ పొలం లేదు, చుట్టం లేదు, భాష రాదు, పోవడానికి ఇల్లు లేదు. ఏటి ఒడ్డున తాటాకు గుడిసెల్లో దింపాడు. పొద్దు పొడిస్తే పార పట్టాలి, పొద్దు గూకితే దించాలి. కాని వాళ్ల పేర్లు హాజరు పుస్తకంలో కనబడకూడదు. కనబడవలసినవి మా పేర్లు. సరే, మా పేర్లే రాశాడు. పుస్తకంలో మేం, ఇసుకలో వాళ్లు.

పేరు వాడుకోనిచ్చినందుకు మాకు కల్లుకు లోటుండేది కాదు. సిగ్గేసిందా? లేదు. మనం పడుకుని ఉండగా మన పేరు పోయి పని చేసి వస్తుంటే ఎవడికి సిగ్గు? నాకు ఇంకో మెట్టు ఎక్కువే దక్కింది. నాకు కాస్త చదవడం వచ్చు, నోరుంది. అందుకని నన్ను వాళ్ల మీద ముకద్దంగా, అంటే మేస్త్రీగా, పెట్టాడు. పొద్దున్నే పుస్తకం పట్టుకుని హాజరు పిలవడం, ఆ తర్వాత తుమ్మచెట్టు నీడలో కూర్చుని అజమాయిషీ చేయడం. అదీ నా డ్యూటీ.

ఆ పేర్లు వాళ్లకు నేర్పింది నేనే. ఎవరైనా తనిఖీకి వచ్చి పిలిస్తే తడబడకూడదని కంట్రాక్టరు చెప్పాడు. నేను దాన్ని ఆట చేశాను. మంగ్లూ అనేవాడు లచ్చయ్య అయ్యాడు. బుధ్‌రాం మల్లయ్య అయ్యాడు. పేరు మరిచినవాడు గుంజీలు తీయాలి. పెళ్లాల ముందు తీయించేవాణ్ని. చూసినవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. నా పేరును సుఖ్‌రాంకు ఇచ్చాను. అందరిలోకీ ఎత్తరి, చెవికి సన్నటి ఇత్తడి పోగు, ఎంత ఎత్తినా వంగని నడుము. నా పేరుకు తగ్గ మనిషి వాడేనని అందరి ముందూ అన్నాను. అతను ఒక్కసారి కూడా గుంజీ తీయలేదు. నేను పిలవడం, అతను హాజిర్ అనడం వెంటవెంటనే జరిగిపోయేవి.

అయిదేళ్లు. మీరే ఊహించండి. అయిదేళ్లపాటు ప్రతి పొద్దునా నా పేరు నేనే పిలిచాను, ఇంకో మనిషి పలికాడు. చివరికి ఎట్లా అయిందంటే, ఒకసారి అంగట్లో మా బావ నన్ను కేకేస్తే ఉల్లిగడ్డలు ఏరుకుంటున్న సుఖ్‌రాం తల తిప్పి చూశాడు. ఆ ముచ్చట ఎంతమందికి చెప్పి నవ్వించానో లెక్కలేదు.

అతని భార్య ఫూల్‌మతి తట్ట మోసేది. నాలుగో ఏట ఆమెకు దగ్గు పట్టుకుంది. సుఖ్‌రాం ఆమెను బొగ్గు కంపెనీ దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ కంపెనీ మనుషులకే వైద్యం, కంట్రాక్టరు కూలీలకు చెల్లదని చెప్పి పంపారు. వాళ్ల రూలు వాళ్లది. ఆ రోజు నుంచి అతనికి ఒకటే ధ్యాస. కంపెనీ మనిషి ఎట్లా అవుతారు భయ్యా, అని నన్ను అడిగేవాడు. ముందు కంపెనీవాళ్ల ఇంట్లో పుట్టాలి, అనేవాణ్ని. నాకు అదీ నవ్వులాటే.

డెబ్బైలలో కొత్త చట్టం వచ్చింది. ఇసుక పనిలో ఇక కంట్రాక్టరు ఉండకూడదన్నారు. ఇన్నాళ్లూ ఎత్తిన కూలీలు కంపెనీ మనుషులవుతారు, నౌకరి పర్మనెంటు. పుస్తకంలో లేని బయటి కూలీలతో దొంగచాటుగా పని చేయించాడని తేలితే కంట్రాక్టరుకు జుర్మానా, జైలు, లైసెన్సు రద్దు. సర్కారు లేబరు ఆఫీసరు ఒడ్డుకే వచ్చి మనిషి మనిషినీ చూసి రాసుకుంటాడని కబురొచ్చింది.

ఈ కబురు సుఖ్‌రాం దాకా పోయింది. మోసుకుపోయింది నేనే. అతను పార పక్కన పడేసి వచ్చి నా ముందు నేల మీద కూర్చున్నాడు. ఆ సాబుకు నువ్వు చెప్పు భయ్యా, అయిదేళ్లు నేనే మోశానని నువ్వు చెబితే చాలు, అని వచ్చీరాని తెలుగులో అడిగాడు. చెప్త తియ్యి, అన్నాను. అనేటప్పుడు నిజంగానే చెబుదామనుకున్నానా? ఎన్నోసార్లు తవ్వి చూసుకున్నాను. అనుకున్నాననే నాకు తోస్తుంది. అదే ఇంకా కోపం తెప్పిస్తుంది. పుట్టుకతో దొంగనైతే ఈ బాధ ఉండేది కాదు.

రెండు రోజుల తర్వాత కంట్రాక్టరు పుస్తకంలో పేర్లున్న మమ్మల్నందర్నీ తన ఇంటి అరుగు మీదికి పిలిచాడు. ఎప్పుడూ నిలబెట్టి మాట్లాడే మనిషి, ఆ రోజు కుర్చీలు వేయించాడు.

“అరేయ్, గీ బిలాస్‌పూరోళ్లు ఆఫీసర్ కండ్ల వడ్డరంటే నేను జైలుకు పోత,” అన్నాడు. “నేను పోతే మీకేమొస్తది? పేర్లు మీయే గదా. వచ్చి నిలవడుండ్రి. నౌకరీలు మీయి. జిందగీ అంతా ఫికర్ లేదు.”

ఒక్కడు కూడా ఎదురు చెప్పలేదు. నేనైతే, పటేలా, మా పేర్లు అయిదేళ్లు కష్టపడ్డయి, ఇగ మేం కూసొని తింటం, అన్నాను. అరుగంతా నవ్వింది. కంట్రాక్టరు నా భుజం తట్టాడు. ఆ తట్టిన చోటును నరికి పారేయాలనిపిస్తుంది ఇప్పుడు.

అక్కడే ఇంకో సంగతి తేలింది. ఆఫీసరు చేతులు చూస్తాడట. మావి అయిదేళ్లుగా కల్లుముంత తప్ప ఏదీ పట్టని చేతులు. దాంతో మా అందరికీ మూడు రోజులు పార ఇచ్చి ఇసుక ఎత్తించాడు. రెండో రోజుకే అరచేతుల్లో బొబ్బలు లేచాయి. మూడో రోజుకు పగిలి నీళ్లు కారాయి. ఇగ మనం అసలు కూలీలమని ఒకరికొకరం చూపించుకుని మురిసిపోయాం. మా తెలివి ఆ పాటిది. అయిదేళ్లు పార పట్టిన చేతికి బొబ్బలు లేవవు. తోలు కాయకట్టి చెప్పు అడుగులా గట్టిపడుతుంది. ఆ సంగతి మాలో ఒక్కడికీ తట్టలేదు. చేయనివాడికి ఎట్లా తడుతుంది?

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే బిలాస్‌పూరు వాళ్లను మూటాముల్లెతో లారీలు ఎక్కించి రామగుండం స్టేషనుకు తోలాం. పని ఆగిపోయింది, మళ్లీ కబురు చేస్తామని చెప్పాం. తోలింది నేనే. ఒక్కొక్కరినీ పేరు పిలిచి ఎక్కించాను, మేం ఇచ్చిన పేర్లతోనే. సుఖ్‌రాం ఎక్కుతూ నావైపు చూశాడు. నేను డ్రైవరుతో ఏదో మాట్లాడుతున్నట్టు తల తిప్పుకున్నాను.

ఆఫీసరు ఇసుక కుప్ప పక్కన టార్పాలిన్ కింద బల్ల వేసుకున్నాడు. మేం వరసగా నిలబడ్డాం, మాసిన బట్టలతో, జుట్టులో ఇసుక చల్లుకుని. నాటకాలవాళ్లు కూడా అంత బాగా తయారవరు. అసలు లచ్చయ్య పోయి చేతులు చూపించాడు, అసలు మల్లయ్య చూపించాడు. తర్వాత నా పేరు పిలిచాడు.

నేను నోరు తెరవబోయాను. నా వెనక నుంచి హాజిర్ అని వినిపించింది. స్పష్టంగా, రోజూ పలికినట్టే.

సుఖ్‌రాం. ఫూల్‌మతిని స్టేషనులో మూటల దగ్గర కూర్చోబెట్టి అంత దూరమూ నడిచి వచ్చాడు. కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము. వరస చివర నిలబడి ఉన్నాడు, చేతులు రెండూ ముందుకు చాపుకుని.

ఆఫీసరు కలం ఆపాడు. “ఒక పేరుకు ఇద్దరేంటి? ఎవరతను?” అన్నాడు.

కంట్రాక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. చట్టం అతని మెడ మీదికి వచ్చి కూర్చుంది. ఒక్క క్షణం అందరి బతుకూ నా నోట్లో ఉంది. ఆ క్షణంలో నేనేం ఆలోచించాను? అబద్ధం ఎందుకు, ఏమీ ఆలోచించలేదు. నా నోరు ఎప్పుడూ చేసే పనే చేసింది.

“సార్, వానికి గదొక బీమారి. ఎవ్వల్ని పిలిచినా వాడే హాజిర్ అంటడు. మొన్న మా ఊర్ల లగ్గమైతే అయ్యగారు పెండ్లికొడుకును పిలిచిండు. వీడు ఉరికచ్చి పీట మీద కూసున్నడు.”

వరసంతా గొల్లుమంది. భయంతో బిగుసుకుపోయిన వాళ్లు కదా, నవ్వు ఆపుకోలేకపోయారు. కంట్రాక్టరు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ఆఫీసరు కూడా నవ్వాడు. నేను గబగబా మాట్లాడిన తెలుగు సుఖ్‌రాంకు అర్థం కాలేదు. అందరూ నవ్వుతున్నారు, పెద్ద సాబు కూడా నవ్వుతున్నాడు, అంటే మంచే జరిగిందనుకున్నాడు. అతనూ నవ్వాడు. చేతులు చాపుకునే నవ్వాడు. ఆ చేతులను ఎవరూ చూడలేదు.

ఆఫీసరు నన్ను చేతులు చూపమన్నాడు. చూపించాను. పచ్చి పుండ్లు చూసి, అయ్యో బాగా పొక్కాయే, అని జాలిపడి నా పేరు ముందు టిక్కు పెట్టాడు. ఇది తలుచుకుంటే నాకు పిచ్చి కోపం వస్తుంది. అంత చదువుకున్న మనిషికి, కూలీల కోసమే సర్కారు పెట్టిన మనిషికి, కాయకట్టిన చేతికీ నిన్న పొక్కిన చేతికీ తేడా తెలియదా? తెలిసే రాశాడా? తెలిసి రాస్తే దుర్మార్గం, తెలియక రాస్తే ఆ కుర్చీ ఎందుకు? ఆయన్ను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో. తిట్టినంతసేపూ ఒక సుఖం ఉండేది, నా వంతు తగ్గినట్టు. తగ్గలేదు.

ఆఫీసరు జీపు వెళ్లాక సుఖ్‌రాం నా దగ్గరికి వచ్చాడు. ఆ మాటలు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి.

“సాబ్ రాసిండా భయ్యా?”

“రాసిండు.”

“నాదే?”

“నీదే. ఊరికి పో. కాయిదం అస్తది. అచ్చినంక రా.”

“నా ఊరు సాబ్‌కు ఎట్ల తెలుసు?” అని అడిగాడు.

అడిగింది మూర్ఖుడు కాదు, చూశారా. సరిగ్గా అడగాల్సిందే అడిగాడు. “సర్కారుకు అన్ని ఎరుకే,” అన్నాను. అతను తల ఊపి, చెవి మీది బీడీ తీసి నాకిచ్చి, స్టేషను దారి పట్టాడు. ఆ బీడీ కాల్చాను కూడా. ఎందుకు దాచాలి? కాల్చాను.

నాకు నౌకరి వచ్చింది. క్వార్టరు వచ్చింది. మా అవ్వకు కండ్లు కనబడకపోతే ఫూల్‌మతిని చూడని ఆ దవాఖానలోనే ఆపరేషన్ చేశారు. అయిదేళ్ల సర్వీసు నాకు ముందే కలిసి వచ్చింది, నేను ఒక్క తట్ట కూడా ఎత్తని అయిదేళ్లు. కంట్రాక్టరుకు జైలు లేదు, జుర్మానా లేదు. లారీలు తీసుకుని బసంత్‌నగర్ సిమెంటు పనికి మళ్లాడు. నాలుగేళ్లకు బస్టాండులో కనబడితే, ఏంరా మొనగాడా, అని నవ్వాడు. నేనూ నవ్వాను.

నౌకరి వచ్చిన మరుసటి వానాకాలం ఒక రోజు షిఫ్టు మధ్యలో క్యాంటీనులో చాయ్ తాగుతున్నాను. గేటు దగ్గరి కాపలాదారు వచ్చి, అన్నా, నీకొక ముచ్చట చెప్పాలె, అని మొదలుపెట్టాడు. ఎవడో పొడుగాటోడు గేటు దగ్గరికి వచ్చాడట. పేరేమిటంటే నా పేరు చెప్పాడట. లోపల నౌకరి ఉంది, కాయిదం రాలేదు, అందుకే తానే వచ్చానన్నాడట. గా పేరోడు లోపల డ్యూటీల ఉన్నడు, నువ్వెట్ల గాయనవైతవు అని తరిమానని కాపలాదారు చేతులు తిప్పుతూ చెప్పాడు. పోయిండా, అని అడిగాను. పోలేదు, చింతచెట్టు కింద కూర్చున్నాడు, వానలో తడుస్తున్నాడు, అన్నాడు. పక్కన ఆడమనిషి ఉందా, అని అడిగాను. లేదు, ఒక్కడే, అన్నాడు.

ఒక్కడే. ఆ మాట విన్నాక కూడా నేను లేవలేదు. గేటు ఎంత దూరమని? బీడీ ముట్టించి ఆర్పేలోగా పోవచ్చు. క్యాంటీనులో అందరూ నవ్వుతున్నారు, నీ పేరుకు ఇంత గిరాకా అని. నేను వాళ్లకంటే గట్టిగా నవ్వాను. షిఫ్టు దిగాక వెనక దారిన ఇంటికి పోయాను. మర్నాడు చింతచెట్టు కింద ఎవరూ లేరు. మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఫూల్‌మతి ఏమైందో తెలియదు. తెలియదని రాయడానికి కూడా భయమే, ఎందుకంటే నాకు తెలుసు.

ఇన్నేళ్లూ ఒక సాకు దగ్గర పెట్టుకున్నాను. ఆ రోజు నిజం చెబితే కంట్రాక్టరు జైలుకు పోయేవాడు సరే, సుఖ్‌రాంకు నౌకరి ఇచ్చేవారా? బయటివాడు, పుస్తకంలో లేడని రైలెక్కించేవారు కదా? చట్టంలో యజమానికి ఎంత శిక్షో రాశారు, పట్టుబడిన కూలీకి ఏం దక్కాలో రాసినట్టు నేను ఎక్కడా వినలేదు. శిక్షకు భయపడ్డవాడు యజమాని, మూటలు సర్దుకున్నవాడు కూలీ. ఇదెక్కడి న్యాయమని నేను అరిస్తే, ఆ అరుపు మీకు నిజంలాగే వినిపిస్తుంది. నిజమే కూడా. కాని అరిచేది ఎవడు? ఆ న్యాయంలోంచి క్వార్టరు తీసుకున్నవాడు. సుఖ్‌రాంకు ఇచ్చేవారో లేదో నాకు తెలియదు, తెలుసుకునే అవకాశం కూడా లేకుండా చేసింది నేను. ఎవరతను అని ఆఫీసరు అడిగాడు. అడిగిన ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది.

నన్ను క్షమించమని రాయడం లేదు. క్షమించడానికి మీరెవరు? చేయి చాపుకుని నిలబడ్డది మీరు కాదు. మీ దగ్గర నాకు కావలసింది ఒక్కటే, చదువుతూ నవ్వకండి. నవ్వేలా రాసి ఉంటే అది నా పాత రోగం.

ఇసుక మోసింది సుఖ్‌రాం, సార్. నేను కాదు. అయిదేళ్లూ అతనే.

రాశాను. గుండెలో మంట అట్లాగే ఉంది. నోరు మాత్రం కాస్త తేలికైంది.